రాజ్యాల ప్రవచనాలు సొంతంగా చదవడం ఎలా: దానియేలు 8తో, చేతిలో పెన్సిలుతో

ఎక్కడ యుద్ధం మొదలైనా ఆ వారం నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, ఈ దేశం దానియేలు గ్రంథంలో ఉందా?" కొందరు ఇంకో అడుగు ముందుకేసి "ఇది ఎలుగుబంటా, నాలుగో మృగమా?" అని అడుగుతారు. బబులోను చెరలో ఉన్న దానియేలు పేరుతో బైబిల్లో ఉన్న ఆ గ్రంథంలో రాజ్యాలు మృగాలుగా కనిపిస్తాయి, ఆ లెక్కన అడుగుతారు. ఎవరో వీడియోలో మ్యాపు మీద బాణం గుర్తులు గీసి చూపించారట. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకే ఒకచోట రాస్తున్నాను.

ఏ దేశం ఏ మృగమో ఇక్కడ చెప్పను. మీరే కూర్చుని ఎలా చదవాలో, ఎక్కడ ఆగిపోవాలో చెబుతాను. పద్ధతి చాలా చిన్నది. లేఖనం తానే పేరు పెట్టి చెప్పిన చోట మొదలుపెట్టి, పేరు చెప్పని చోటికి మెల్లగా నడవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బైబిలు చివరి గ్రంథమైన ప్రకటన 13తో మొదలుపెట్టి, మధ్యలో ఆ రోజు వార్తలు కూరి, చివర్లో దానియేలు వచనాలు అతికిస్తారు. నేల విడిచి సాము చేయడమంటే అదే.

ఏమేం కావాలి

- బైబిలు, రెండు అనువాదాల్లో. పాత గ్రాంథిక అనువాదం ఒకటి, వాడుక భాషలోది ఒకటి. ఒకదానిలో మసకగా ఉన్న వాక్యం రెండోదానిలో తేటపడుతుంది.
- ప్రాచీన మధ్యప్రాచ్యం మ్యాపు. బబులోను, షూషను, యెరూషలేము, ఈజిప్టు, గ్రీసు కనిపిస్తే చాలు.
- ఒక నోటుబుక్కు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, పెన్సిలు.
- నాలుగైదు సాయంత్రాలు. ఒక్క పూటలో తేల్చేద్దామనుకుంటే మొదలుపెట్టకండి.

పేర్ల గురించి ఒక మాట. చరిత్ర పుస్తకాల్లో పేర్లు ఒకలా, మన బైబిల్లో ఒకలా ఉంటాయి. చరిత్రలో సైరస్ మనకు కోరెషు. డరియస్ మనకు దర్యావేషు. జెర్క్సీస్‌ను అహష్వేరోషుగా ఎక్కువమంది గుర్తిస్తారు. మాదీయుల దేశాన్ని చరిత్రకారులు మీడియా అంటారు. ఆ మాట ఫోన్లో వెతికితే టీవీ చానళ్ళు వస్తాయి, కంగారు పడకండి. నోటుబుక్కు చివరి పేజీలో ఈ జతలు రాసిపెట్టుకుంటే సగం గందరగోళం తప్పుతుంది.

1. మూడు రంగులు నిర్ణయించుకోండి

ప్రతి పేజీలో మూడు రకాల మాటలు రాస్తారు. వచనం సూటిగా చెప్పింది నీలంతో. వచనం చెప్పకపోయినా చరిత్ర గట్టిగా సరిపోయింది ఎర్రతో. మీరు ఊహించింది, ఎవరి దగ్గరో విన్నది పెన్సిలుతో. ఈ తేడా చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ, మొత్తం పనికి ప్రాణం ఇదే.

ఎందుకంటారా? నా చేతికి ఒకసారి ఒక పాత బైబిలు వచ్చింది. దానియేలు 7:24 పక్కన, పది కొమ్ముల దగ్గర, మార్జిన్‌లో ఇంకుతో పది దేశాల పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి: బెల్జియం, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ... చివరిది గ్రీసు. 1981లో గ్రీసు చేరడంతో యూరోపియన్ ఆర్థిక సమాజంలో సభ్యదేశాలు సరిగ్గా పది అయ్యాయి. పది కొమ్ములు దొరికాయని అప్పట్లో చాలామంది సంబరపడ్డారు. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరాయి. ఆ మార్జిన్‌లోనే, అదే చేతిరాతతో, మరో రెండు పేర్లు ఇరుకుగా రాసి మళ్ళీ కొట్టేసి ఉన్నాయి. ఆయన పెన్సిలుతో రాసుకుని ఉంటే పేజీ శుభ్రంగా ఉండేది.

2. దానియేలు 8 ముందు చదవండి

2వ అధ్యాయం ముందుంది కదా అంటారు. నిజమే, కానీ 8వ అధ్యాయంలో గబ్రియేలు దూతే పేర్లు చెప్పేశాడు. తాళంచెవి అక్కడ ఉంటే తలుపు దగ్గర తంటాలు పడటం ఎందుకు?

అధ్యాయం మొత్తం ఒకసారి చదవండి. తర్వాత పేజీ మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు దర్శనం (1 నుంచి 14 వచనాలు), కుడివైపు వివరణ (20 నుంచి 25 వచనాలు) రాయండి. నీలం పెన్నుతో ఇలా వస్తుంది:

- రెండు కొమ్ముల పొట్టేలు: మాదీయుల, పారసీకుల రాజులు (20వ వచనం)
- బొచ్చుగల మేకపోతు: గ్రేకుల రాజు (21)
- దాని కళ్ళ మధ్య పెద్ద కొమ్ము: వారి మొదటి రాజు (21)
- అది విరిగాక మొలిచిన నాలుగు కొమ్ములు: ఆ జనంలోంచి పుట్టే నాలుగు రాజ్యాలు (22)
- చిన్న కొమ్ము: క్రూరముఖం గల ఒక రాజు. పేరు లేదు (23)

చివరి వరుస చూడండి. పేరు లేదని కూడా నీలంతోనే రాయాలి. వచనం మౌనంగా ఉందన్నదీ వచనం గురించిన సమాచారమే.

ఇక్కడే ఇంకోటి గమనించండి. మృగమంటే రాజ్యం, కొమ్మంటే రాజు అని ఒక సూత్రం బట్టీపట్టి అన్నిచోట్లా వాడకూడదు. ఇదే అధ్యాయంలో ఒక కొమ్ము ఒక రాజు, నాలుగు కొమ్ములు నాలుగు రాజ్యాలు. 7:17లో మృగాలు నలుగురు రాజులు, 7:23కి వచ్చేసరికి నాలుగో మృగం నాలుగో రాజ్యం. రాజు, రాజ్యం అన్న మాటలు ఒకదానిలోకి ఒకటి జారుతూ ఉంటాయి.

3. ఇప్పుడు చరిత్ర తెరవండి, ఎర్ర పెన్ను తీయండి

పొట్టేలు కొమ్ముల్లో పొడుగైనది వెనక మొలిచిందని 3వ వచనం. చరిత్రలో మాదీయులే ముందు పెద్దవాళ్ళు. క్రీ.పూ. 550లో కోరెషు మాదీయ రాజును ఓడించి రెండు జనాలనూ ఒక్కటి చేశాడు. వెనక వచ్చిన పారసీకులే పొడుగయ్యారు. క్రీ.పూ. 539లో బబులోను వాళ్ళ చేతికి వచ్చింది. పొట్టేలు పడమరకు, ఉత్తరానికి, దక్షిణానికి పొడుస్తున్నట్టు 4వ వచనం. మ్యాపు మీద వేలు పెట్టి చూడండి. పారసీక దేశం తూర్పున ఉంది, లుదియ (నేటి టర్కీ పడమటి భాగం) పడమర, ఈజిప్టు నైరుతి మూల.

మేకపోతు పడమటి నుంచి నేల తాకకుండా వచ్చింది (5). అలెగ్జాండరు క్రీ.పూ. 334లో ఆసియాలో అడుగుపెట్టి, 333లో ఇస్సస్ దగ్గర, 331లో గౌగమేల దగ్గర పారసీక రాజును ఓడించాడు. మూడేళ్ళు! నేల తాకకపోవడమంటే ఏమిటో ఆ తేదీలు పక్కపక్కన రాసుకుంటే తెలుస్తుంది. బలంగా ఉండగానే పెద్ద కొమ్ము విరిగింది (8). క్రీ.పూ. 323లో అలెగ్జాండరు బబులోనులో చనిపోయాడు, వయసు 32.

నాలుగు కొమ్ముల దగ్గర కాస్త నెమ్మదించండి. "అలెగ్జాండరు చనిపోగానే రాజ్యాన్ని నలుగురు సేనాపతులు పంచుకున్నారు" అని ఒక్క వాక్యంలో చెప్పేస్తుంటారు. అంత సుఖంగా జరగలేదు. ఇరవై ఏళ్ళకు పైగా కొట్టుకున్నారు, పోటీదారులు నలుగురికంటే ఎక్కువే. క్రీ.పూ. 301లో ఇప్సస్ యుద్ధంలో పోటీదారుల్లో ఒకడైన అంటిగొనస్ చనిపోయాకే కస్సాండర్, లైసిమాకస్, టాలమీ, సెల్యూకస్ అన్న నలుగురి లెక్క నిలబడింది. 281లో లైసిమాకస్ కూడా యుద్ధంలో పోయాడు. అంటే నాలుగు కొమ్ముల బొమ్మ చరిత్రకు సరిపోతుంది, కానీ బొమ్మగానే. దాన్ని రెవెన్యూ రికార్డులా చదవకండి.

చిన్న కొమ్ము ఎవరు? నాలుగింటిలో ఒకదాని నుంచి మొలిచి, నిత్యబలిని ఆపి, పరిశుద్ధస్థలాన్ని పాడుచేసింది. సెల్యూకస్ వంశంలోని నాలుగో అంతియొకస్ (క్రీ.పూ. 175–164) యెరూషలేము ఆలయాన్ని 167లో అపవిత్రం చేశాడు, 164లో యూదులు దాన్ని మళ్ళీ ప్రతిష్ఠించారు. మిగతా విషయాల్లో గొడవపడే వ్యాఖ్యాతలు కూడా ఇతని దగ్గర చాలావరకు కలుస్తారు. నేనైతే ఎర్రతో రాస్తాను. 17వ వచనంలో అంత్యకాలం మాట ఉంది కాబట్టి ఇది ఇంకా రాబోయే ఒకరికి కూడా నీడ అని చాలామంది అంటారు. ఆ మాట పెన్సిలుతో.

4. 2, 7 అధ్యాయాలు పక్కపక్కన పెట్టండి

ఈ రెండూ జంట. దానియేలులో 2వ అధ్యాయం నాలుగో వచనం మధ్యనుంచి 7వ అధ్యాయం చివరిదాకా అరామిక్ భాషలో ఉంది. ఆ భాగాన్ని మధ్యకు మడిస్తే 2కు 7, 3కు 6, 4కు 5 ఎదురెదురుగా వస్తాయి. 3లో అగ్నిగుండం, 6లో సింహాల గుహ. 4లో ఒక రాజు గర్వం, 5లో ఇంకో రాజు గర్వం. 2లో బబులోను రాజు నెబుకద్నెజరు కలలో నాలుగు లోహాల విగ్రహం, 7లో దానియేలు కలలో నాలుగు మృగాలు.

రెండు నిలువు వరుసలు రాయండి. బంగారు తల, వెండి రొమ్ము చేతులు, ఇత్తడి పొట్ట తొడలు, ఇనుప మోకాళ్ళు, ఇనుము మట్టి కలిసిన పాదాలు, చివర చేతి సహాయం లేకుండా తీయబడిన రాయి. రెండో వైపు రెక్కల సింహం, ఒక పక్కకు ఎత్తుగా లేచిన ఎలుగుబంటి, నాలుగు రెక్కలు నాలుగు తలల చిరుతపులి, ఇనుప పళ్ళ భీకర మృగం, దాని పది కొమ్ములు, మధ్యలో చిన్న కొమ్ము, చివర మహావృద్ధుడు, మనుష్యకుమారుని పోలినవాడు.

నీలంతో రాయగలిగే పేరు ఎన్ని? ఒక్కటే. నెబుకద్నెజరే ఆ బంగారు తల అని 2:38లో ఉంది. మిగతా మూడు లోహాలకు, నాలుగు మృగాలకు ఈ రెండు అధ్యాయాల్లో పేర్లే లేవు! మొదటిసారి ఇది చూసి చాలామంది బైబిలు తిరగేసి మళ్ళీ వెతుకుతారు. వెతకండి, మంచిదే.

రెండు దర్శనాల చూపులో తేడా కూడా రాసుకోండి. రాజు కలలో రాజ్యాలు మెరిసే లోహాలు. దానియేలు కలలో అవే మాంసం తినే జంతువులు. సింహాసనం మీద కూర్చున్నవాడికి కనిపించేదీ, చెరలో ఉన్నవాడికి కనిపించేదీ ఒకటి కాదు.

5. దారి రెండుగా చీలే చోటు

ఇప్పుడు 8వ అధ్యాయంలో దొరికిన పేర్లు తెచ్చి 2, 7లో పెట్టాలి. ఇక్కడ నిజాయితీగల పాఠకులే రెండు వైపులు అయ్యారు. మీకు ఒకటే వినిపించి ఉంటే, రెండోది కూడా వినండి.

*మొదటి లెక్క:* బబులోను, మాదీయ-పారసీకం, గ్రీసు, రోము. దీని బలం ఏమిటంటే 8:20లో మాదీయులు, పారసీకులు కలిసి ఒకే పొట్టేలు. 5:28లో బబులోను రాజు విందులో కనిపించిన గోడమీది రాత అర్థం చెబుతూ దానియేలు, రాజ్యం "మాదీయులకును పారసీకులకును" ఇవ్వబడుతుందని కలిపే చెప్పాడు. ఒక పక్కకు లేచిన ఎలుగుబంటి, ఒక కొమ్ము పొడుగైన పొట్టేలు ఒకదానికొకటి అద్దంలా ఉన్నాయి. నాలుగు తలల చిరుత, నాలుగు కొమ్ముల మేకపోతు కూడా అంతే. అప్పుడు గ్రీసు మూడోది, నాలుగోది రోము. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే యెరూషలేమును పట్టుకున్నాడు కాబట్టి ఆ మృగం యూదులకు బాగా తెలిసిందే.

*రెండో లెక్క:* బబులోను, మాదీయ, పారసీకం, గ్రీసు. దీని బలం ఏమిటంటే గ్రంథం కథలో బబులోను తర్వాత సింహాసనం ఎక్కింది మాదీయుడైన దర్యావేషు (5:31), ఆ తర్వాతే పారసీకుడైన కోరెషు (6:28). పైగా 8లోనూ 11లోనూ దర్శనం గ్రీసు దగ్గరికి, అంతియొకస్ దగ్గరికి వచ్చి గట్టిగా బిగుసుకుంటుంది. కాబట్టి 7లో చిన్న కొమ్ము కూడా అతనే అంటారు. గ్రంథం క్రీ.పూ. రెండో శతాబ్దంలో ఈ రూపానికి వచ్చిందనే పండితులు ఎక్కువగా ఈ వైపు ఉంటారు. అయితే ఈ లెక్క ఈనాటిది కాదు. సిరియా సంఘాల్లో పాతకాలం నుంచీ ఉంది.

నా మొగ్గు మొదటిదానివైపు. ఒకే పొట్టేలు అన్న ఆధారం నాకు బరువుగా తోస్తుంది. అయినా నా నోటుబుక్కులో "రోము" పెన్సిలుతోనే ఉంది. మీరు రెండోదానికి మొగ్గితే ఇక్కడ తగువు పెట్టుకునే పనిలేదు. రెండు లెక్కలూ రాయికి, మనుష్యకుమారునికి వచ్చేసరికి ఒకే చోట కలుస్తాయి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలాకాలం 7:8 చిన్న కొమ్మునూ 8:9 చిన్న కొమ్మునూ ఒకటేనని బోధించాను, మాట ఒకటేనని. ఒకరోజు ఒక కాలేజీ అమ్మాయి "అంకుల్, ఇది పది కొమ్ముల మధ్య మొలిచింది, అది నాలుగింటిలో ఒకదాంట్లోంచి మొలిచింది, రెండూ ఒకటెలా అవుతాయి?" అంది. నేను రోము అని చెప్పిన మృగం మీద గ్రీకు రాజును కూర్చోబెట్టాను! రెండో లెక్క తీసుకున్నవాళ్ళు ఆ రెండూ ఒకటేనని అనవచ్చు, వాళ్ళ వాదనకు అది అతుకుతుంది. నా లెక్కకు అతకదు. ఒక లెక్క ఎంచుకుంటే చివరిదాకా దానితోనే నడవాలి.

6. సంఖ్యల దగ్గర చేతులు కట్టుకోండి

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. 70 ఏళ్ళు, మూడున్నర కాలాలు, 2300 సాయంకాల ఉదయాలు. క్యాలిక్యులేటర్ తీయకముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ సంఖ్యకు వచనమే ఆరంభం చెప్పిందా? ఏ కొలతలో చెప్పింది? దినమంటే సంవత్సరం అన్న సూత్రం ఇక్కడ రాసి ఉందా? ఆ సూత్రం సంఖ్యాకాండము 14:34లో, యెహెజ్కేలు 4:6లో సూటిగా ఉంది. దానియేలు 8లో లేదు.

అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు ఈ 2300ను సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కపెట్టాడు. 2300 నుంచి 457 తీసేస్తే 1843. క్రీ.పూ. 1 తర్వాత సున్నా సంవత్సరం లేకుండా నేరుగా క్రీ.శ. 1 వస్తుంది కాబట్టి ఒకటి కలపాలి, 1844. ఆయన అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. పంటలు కోయకుండా వదిలేసినవాళ్ళున్నారు. 23న మామూలుగానే తెల్లవారింది. కూడికలో తప్పులేదు. మొదటి వరుసలోనే పెన్సిలుతో రాయాల్సింది ఇంకుతో రాశారు.

అసలు 2300 సాయంకాల ఉదయాలంటే 2300 రోజులని కొందరు, ఉదయ సాయంత్ర బలులు కలిపి లెక్కిస్తే 1150 రోజులని కొందరు అంటారు. ఇక్కడే ఇంత తేడా ఉంటే, దాని మీద తేదీ కట్టడం ఇసుక మీద మేడ కట్టడమే.

7. మిగతా ప్రవక్తల దగ్గర షరతులు వెతకండి

దానియేలు ఒక్కడే రాజ్యాల గురించి మాట్లాడలేదు. యెషయా 10:5లో అష్షూరు (చరిత్రలో అస్సిరియా) దేవుని కోపపు కర్ర, 12వ వచనానికి ఆ కర్రకే శిక్ష. యిర్మీయా 27:6లో నెబుకద్నెజరును దేవుడు "నా దాసుడు" అంటాడు. అదే గ్రంథంలో 50, 51 అధ్యాయాలు బబులోను కూలిపోతుందని చెబుతాయి. కాబట్టి ఒక రాజ్యం లేచిందంటే మంచిదనీ కాదు, పడిందంటే పనికిరానిదనీ కాదు.

యిర్మీయా 18:7–10 తప్పక చదవండి. ఒక జనాన్ని పెళ్ళగిస్తానని చెప్పాక ఆ జనం చెడుతనం మానితే తానూ మనసు మార్చుకుంటానని ఉంది. యోనా 3లో అష్షూరు పట్టణం నీనెవెకు జరిగింది అదే. ఆ పట్టణం తర్వాత క్రీ.పూ. 612లో కూలింది.

సముద్రతీర వర్తక పట్టణం తూరు ఇంకా చిక్కు. యెహెజ్కేలు 26లో నెబుకద్నెజరు తూరు మీదికి వస్తాడని ఉంది. 29:18లో మాత్రం అంత కష్టపడినా తూరు వల్ల అతనికి, అతని సైన్యానికి కూలి దక్కలేదని అదే ప్రవక్త రాశాడు. సముద్రంలో ఉన్న ఆ పట్టణాన్ని పూర్తిగా పట్టింది క్రీ.పూ. 332లో అలెగ్జాండరు. రాళ్ళు, మట్టి పోసి సముద్రంలోకి దారి కట్టి మరీ పట్టాడు. 26:3లో "అనేక జనములు" అలల్లా వస్తాయని ఉంది కాబట్టి ఒక్క అలతో పని అయిపోవాలని లేదు అని కొందరి జవాబు. నాకు ఆ జవాబు నచ్చుతుంది. అయినా 29:18 వచనం దాచిపెట్టి తూరు గురించి బోధించేవాళ్ళను నమ్మకండి.

8. ప్రకటన 13, 17 చివర్లో

ఇప్పటికి మీ నోటుబుక్కులో దానియేలు సిద్ధంగా ఉంది కాబట్టి ప్రకటన 13:2 చదవగానే నవ్వొస్తుంది. చిరుత, ఎలుగుబంటి పాదాలు, సింహం నోరు. దానియేలు చూసిన మృగాలే, వెనకనుంచి ముందుకు, ఒకే శరీరంలో! దానియేలు మృగాల తలలు కూడండి: ఒకటి, ఒకటి, నాలుగు, ఒకటి. ఏడు. ప్రకటన మృగానికీ ఏడే.

17వ అధ్యాయంలో దూత ఇచ్చిన వివరణలు నీలంతో రాయండి. నీళ్ళంటే ప్రజలు (15), స్త్రీ అంటే భూరాజుల మీద ఏలే మహాపట్టణం (18), ఏడు తలలు ఏడు కొండలు, ఏడుగురు రాజులు కూడా (9, 10). ఏడు కొండల పట్టణమంటే మొదటి శతాబ్దపు వినేవాళ్ళకు రోమే తట్టి ఉంటుంది. ఆ ఏడుగురు ఏ చక్రవర్తులో ఎక్కడినుంచి లెక్కించాలన్నది మాత్రం ఎవరి లెక్క వారిదే. పెన్సిలు.

తరచూ జరిగే తప్పులు

*శబ్దం కలిసిందని ముడిపెట్టడం.* యెహెజ్కేలు 38లో రోషు అనగానే రష్యా, మెషెకు అనగానే మాస్కో అంటారు. బోడిగుండుకూ మోకాలికీ ముడి. రోషు అన్న హెబ్రీ మాటకు తల, ముఖ్యుడు అని అర్థం, అందుకే కొన్ని అనువాదాల్లో అది ఊరి పేరే కాదు. మెషెకు, తుబాలు నేటి టర్కీ ప్రాంతపు జనాలని అష్షూరు రాతలను బట్టి తెలుస్తుంది.

*మన శత్రువే మృగం అనుకోవడం.* పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో ఐదో రాజ్యం వాళ్ళని ఒక గుంపు ఉండేది. దానియేలులో నాలుగు రాజ్యాల తర్వాత వచ్చే క్రీస్తు రాజ్యాన్ని తామే తీసుకురావాలనుకున్నారు. వాళ్ళలో కొందరు అప్పటి ఇంగ్లండు పాలకుడు క్రామ్‌వెల్‌నే చిన్న కొమ్మన్నారు. 1661 జనవరిలో థామస్ వెన్నర్ వెనక కొందరు లండన్‌లో కత్తులు పట్టారు. కొద్ది రోజుల్లో అణచివేత, వెన్నర్‌కు మరణశిక్ష. రాయి "చేతి సహాయము లేక" వచ్చిందన్న ముక్క వాళ్ళ కంటికి ఆనలేదు.

*ప్రతి వివరానికీ అర్థం పట్టడం.* ఎలుగుబంటి నోటిలో మూడు పక్కటెముకలు లుదియ, బబులోను, ఈజిప్టు అంటారు. పారసీకులు ఆ మూడింటినీ గెలిచిన మాట నిజమే. కానీ వచనం చెప్పలేదు. బొమ్మలో కొంత బొమ్మ కోసమే ఉంటుంది.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది

పేజీని దూరంగా పట్టుకుని చూడండి. ఎంత నీలం, ఎంత ఎరుపు, ఎంత పెన్సిలు? 8వ అధ్యాయం పేజీలో పెన్సిలు ఎక్కువుంటే చదవడం కంటే ఊహించడం ఎక్కువైంది. ప్రకటన 17 పేజీలో నీలం మరీ ఎక్కువుంటే రంగులు మోసం చేసి వాడారు.

రెండో పరీక్ష: మీ వివరణలో దేశం పేరు తీసేసి ఇంకో దేశం పేరు పెట్టండి. అంతే చక్కగా అతికితే మీ ఆధారం బలహీనం. మేకపోతు స్థానంలో ఈజిప్టు పెట్టి చూడండి, అతకదు. పడమటి నుంచి రావడం, పొట్టేలును కొట్టడం, కొమ్ము విరిగి నాలుగవడం అడ్డుపడతాయి. ఆధారమంటే అలా అడ్డుపడాలి.

మూడోది: మీతో ఏకీభవించని ఒకరికి నోటుబుక్కు ఇచ్చి, వాళ్ళ లెక్కను మీరు రాసిన తీరు సరిగ్గా ఉందా అని అడగండి. "నేను చెప్పేది ఇదే" అని వాళ్ళు అనేదాకా తిరగరాయండి.

చివరగా ఒక అభ్యాసం

దానియేలు 11:2–4 తీయండి. మూడే వచనాలు. 10:1 ప్రకారం కాలం కోరెషు మూడో సంవత్సరం. ఇక్కడే ఆపి, మీ నోటుబుక్కులో రాశాకే కింది జవాబు చూడండి.

పారసీకంలో ఇంకా ముగ్గురు రాజులు: కోరెషు తర్వాత కాంబిసెస్, కొద్ది నెలలు ఏలిన బర్దియా, మొదటి డరియస్. ఎర్రతో. అందరికంటే ధనవంతుడైన నాలుగోవాడు, గ్రేకుల మీదికి అందరినీ రేపేవాడు: క్రీ.పూ. 480లో గ్రీసు మీద దండెత్తి సలమిస్ దగ్గర ఓడిన జెర్క్సీస్. ఎర్రతో. 3వ వచనంలో శూరుడైన రాజు అలెగ్జాండరు, 4లో నాలుగు దిక్కులకు విభాగమైన రాజ్యం, అతని వంశానికి దక్కకపోవడం. అతని కొడుకును చిన్నవయసులోనే చంపేశారు. ఇవీ ఎర్రతోనే. 8వ అధ్యాయంలో గ్రీసు, మొదటి రాజు అని నీలంతో రాసిన వరుసకు ఇక్కడినుంచి ఒక గీత కలపండి.

జెర్క్సీస్‌కూ అలెగ్జాండరుకూ మధ్య దాదాపు 130 ఏళ్ళున్నాయి, ఎందరో పారసీక రాజులున్నారు. వాళ్ళ పేర్లు కూడా వెతికి ఆ మూడు వచనాల్లో ఎక్కడో ఒకచోట ఇరికించి ఉంటే, రబ్బరు తీసి చెరిపేయండి. వచనం వాళ్ళను దాటేసి వెళ్ళిపోయింది.